వేగము తెచ్చు గాలి ఎంత?

ప్రాణికి శ్వాస ఎట్లో మోటారు యంత్రానికి గాలి అట్లే. పెట్రోలు మండితేనే కారు నడుస్తుందని అందరికీ తెలుసు. కాని ఆ మంటకు ఎంత గాలి కావలెనో లెక్క వేసి చూసినవారు తక్కువ. ఒక పాలు పెట్రోలు పూర్తిగా దహనమగుటకు బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి అవసరం. లీటరు పెట్రోలు బరువు దాదాపు 740 గ్రాములు. అనగా లీటరు పెట్రోలుకు దగ్గర దగ్గర 11 కిలోల గాలి, ఘనపరిమాణములో 9,000 లీటర్లకు పైగా కావలెను. కావున యంత్రము యొక్క శక్తి అది పీల్చుకొనే గాలిని బట్టి కూడా ఉంటుంది.

ఈ సూత్రము ఆధారముగా బయలుదేరినదే ‘ర్యామ్ ఎయిర్ ఇంటేక్’. కారు ముందు భాగాన ఒక నోరు, దాని వెనుక వెడల్పైన గొట్టము, ఒక ఫిల్టరు ఇందులోని అంగములు. కారు ముందుకు దూసుకొనిపోవునప్పుడు ఎదురుగాలి తనంతట తానే లోపలికి తోసుకొని వస్తుందని దీని ఆశయం. 1990లో కవాసాకీ సంస్థ తన పెద్ద మోటారు సైకిలుకు ఈ ఏర్పాటును కర్మాగారములోనే చేసి విడుదల చేసింది. కార్లకు విడిగా అమ్మే సామగ్రి కూడా నేడు విరివిగా దొరుకుతున్నది. ఇచ్ఛాపురం నుండి భోగాపురం వరకు మన రెండు జిల్లాల మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిని చూచి, వేగముపై మనసుపడే విద్యార్థులు లేకపోలేదు. కావున ఈ పరికరము నిజముగా ఏమి చేయునో, ఏమి చేయలేదో పరిశీలించుట మంచిదని తలచినాము.

ముందుగా లెక్క చూద్దాము. కదిలే గాలి కలిగించే ఒత్తిడి, గాలి సాంద్రతలో సగాన్ని వేగము యొక్క వర్గముతో గుణించగా వస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 27.8 మీటర్లు. ఘనపు మీటరు గాలి బరువు 1.2 కిలోలనుకొంటే, వచ్చే ఒత్తిడి దాదాపు 460 పాస్కళ్ళు. వాతావరణ పీడనము 1,01,325 పాస్కళ్ళు. అనగా లాభము నూటికి అర పాలు కూడా లేదు! 200 కిలోమీటర్ల వేగమున కూడా అది నూటికి రెండు పాళ్ళకు లోపే. అంత వేగము పందెపు మైదానములో చెల్లును గాని, పశువులు, ఆటోలు, బడిపిల్లలు దాటే మన రోడ్లపై చెల్లదు.

మరి లాభము బొత్తిగా లేదా? ఉన్నది, అది వేగములో గాక చల్లదనములో ఉన్నది. బానెట్ క్రింద గాలి 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉండి, బయటి గాలి 35 డిగ్రీలలో ఉన్నదనుకొందాము. చల్లని గాలి సాంద్రత నూటికి 8 పాళ్ళు ఎక్కువ. అందువలన అదే సిలిండరులో అంత మేరకు అధికమైన ప్రాణవాయువు పడుతుంది. అయితే నేటి కార్లలో అనేకము తయారగునప్పుడే బయటి గాలిని ముందు వైపు నుండి తీసుకొనే విధముగా ఉంటాయి. అట్టి కారుకు కొత్త గొట్టము వలన హెచ్చేది శక్తికన్న శబ్దమే.

అమర్చే విధానము చూచుటకు సులువుగానే ఉంటుంది. ముందు యంత్రమును చల్లారనిచ్చి, బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పవలెను. పాత ఫిల్టరు పెట్టెను, గొట్టమును తీసి, గాలిని కొలిచే సెన్సరును జాగ్రత్తగా వేరుచేయవలెను. కొత్త గొట్టములో ఆ సెన్సరును బాణపు గుర్తు గాలి పోవు దిక్కునకు ఉండునట్లు బిగించవలెను. సెన్సరు ఉన్నచోట గొట్టము వ్యాసము మారినచో కొలత తప్పి, పెట్రోలు పాలు కూడా తప్పుతుంది. సెన్సరు దాటిన తరువాత అతుకులలో ఎక్కడ సందున్నా, లెక్కకు రాని గాలి లోపలికి పోతుంది. నూనె పూసే ఫిల్టరైతే నూనె మితి మించరాదు. అది సెన్సరులోని సన్నని తీగకు అంటుకొంటుంది. చివరకు బానెట్ మూసి, గొట్టము ఎక్కడా రాపిడి పడుట లేదని చూచి, హెచ్చరిక దీపము వెలుగుట లేదని నిర్ధారించుకొనవలెను.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కులు రెండున్నవి. మొదటిది దుమ్ము. టెక్కలి ప్రాంతపు గ్రానైటు క్వారీల పొడి, లోపలి గ్రామాల ఎర్రమట్టి సన్నని ఇసుకకాగితము వంటివి. వడకట్టు శక్తి తక్కువైన ఫిల్టరును దాటి లోపలికి పోయిన ధూళి సిలిండరు గోడలను అరగదీస్తుంది. రెండవది నీరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానులు ఈ తీరమును ఎట్లు ముంచెత్తినవో మనకు తెలిసినదే. బంపరు క్రింద నోరు తెరచుకొన్న గొట్టము వరదనీటిని కూడా పీల్చుకొంటుంది. గాలివలె నీరు అణగదు. పిస్టను పైకి వచ్చి ఆ నీటికి తగిలితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కొన్ని క్షణములలో యంత్రమే వ్యర్థమవుతుంది.

చట్టము మాట కూడా మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్పష్టము చేసినది. అదే సంవత్సరపు సవరణ ప్రకారము, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధించవచ్చును. కావున పానా పట్టుటకు ముందే రవాణా శాఖ కార్యాలయములో విచారించుట వివేకము.

ఇట్లని కుతూహలమును చంపుకొనవలెనని మా భావము కాదు. ఇంజనీరింగు విద్యార్థులకై జరిగే ఫార్ములా స్టూడెంట్ పోటీలలో, పెట్రోలు కారు పీల్చే గాలి అంతయు 20 మిల్లీమీటర్ల సన్నని ద్వారము గుండానే పోవలెనని నియమము. అక్కడ గెలుపు పెద్ద నోటిది కాదు. ఆ ఇరుకు దారిని నేర్పుతో వాడుకొన్న బుద్ధిది. మన విద్యార్థులు వేలకొలది రూపాయలు వెచ్చించి శబ్దమును కొనుటకన్న, ఒక కాగితము, ఒక కలము తీసుకొని పై లెక్కను తమ కారుకు వేసి చూచుకొందురుగాక. ఆ లెక్క తేలిన పిదప, కొనుటయా మానుటయా అన్నది వారికే తెలియును.