మేకు తప్పితే అరక నాగా

నాడా కొట్టడం నేర్పరి పని

మేడ్చల్, శామీర్‌పేట: మట్టిబాట మీద నడిచినంతకాలం ఎద్దుకు నాడాతో పెద్దగా పని ఉండదు. కంకర, తారు తొక్కితేనే చిక్కు. మేడ్చల్ మీదుగా నాగపూర్ వెళ్ళే 44వ నెంబరు జాతీయ రహదారి ఒకవైపు, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మరోవైపు ఉన్నాయి. ఈ రెండింటి నడుమ ఊళ్ళలో బండి కట్టిన రైతు ఎక్కడో ఒకచోట తారు రోడ్డు ఎక్కక తప్పదు. గిట్ట పెరిగే దానికన్నా అరిగేది ఎక్కువైతే పలచబడి ఎద్దు కుంటుతుంది. ఆ అరుగుదలను ఆపేదే ఇనుప నాడా.

ట్రాక్టర్లు వచ్చాక కాడెద్దులు తగ్గాయి. వాటితోపాటే నాడాలు కొట్టే నాల్‌బంద్‌లూ తగ్గారు. ఉన్న ఎద్దుకు నాడా ఊడితే, సుత్తి పట్టిన ఎవరిచేతనైనా నాలుగు మేకులు కొట్టిస్తే సరిపోతుందని అనుకోవడం సులువే. కాని ఒక్క మేకు దారి తప్పితే చాలు, అదునులో ఎద్దు కొట్టంలో పడుకుంటుంది.

తెల్లని గీతే హద్దు

గుర్రానికి కాలికి ఒకటే గిట్ట కనుక నాడా వంపు తిరిగి ఉంటుంది. ఎద్దుది చీలిన గిట్ట. కాలికి రెండు బిళ్ళల చొప్పున నాలుగు కాళ్ళకు ఎనిమిది కావాలి. గిట్ట పైపెంకు మన గోరు వంటిది. అందులో మేకు దిగినా నొప్పి ఉండదు. దాని లోపల నెత్తురు, నరాలు ఉన్న మెత్తని భాగం ఉంటుంది. గిట్ట అడుగును చెక్కి చూస్తే ఈ రెండింటికీ హద్దుగా తెల్లని గీత కనిపిస్తుంది. మేకు ఆ గీత దాటి లోపలికి పోరాదు. పెంకులోనే ఏటవాలుగా సాగి బయటి పక్కన తేలాలి.

తేలిన మొనను అప్పటికప్పుడే తుంచి, మిగిలిన ముక్కను గిట్టకు అణచాలి. ఆలస్యం చేస్తే, పశువు కాలు విదిలించినప్పుడు ఆ మొనే పనివాని తొడను చీల్చుతుంది.

మేకు లోతుగా దిగితే కొన్ని పశువులు వెంటనే కాలు లాక్కుంటాయి. కొన్నింటికి రెండు మూడు రోజుల తర్వాత గాని బయటపడదు. గిట్ట వేడిగా ఉన్నా, అడుగు మోపలేకపోయినా ఆ మేకు తీయించి పశువైద్యునికి చూపాలి. లోపల చీము పట్టవచ్చు, ధనుర్వాతం రావచ్చు. గుర్రాలకు ఈ జబ్బు మరీ సులువుగా సోకుతుంది.

పడవేసేటప్పుడు జాగ్రత్త

గుర్రం మూడు కాళ్ళ మీద నిలబడి నాలుగోది ఇస్తుంది. ఎద్దును సాధారణంగా తాళ్ళతో పడవేసి, కాళ్ళు కట్టి పని చేస్తారు. బండ మీదనో, సిమెంటు గచ్చు మీదనో పడవేస్తే కొమ్ము విరగవచ్చు, ఎముకకు దెబ్బ తగలవచ్చు. మెత్తని మన్ను ఉన్నచోట గడ్డి పరచి పడవేయాలి. కడుపునిండా మేసిన ఎద్దును ఎక్కువసేపు పక్కమీద ఉంచితే పొట్ట ఉబ్బి ఊపిరాడదు. తెల్లవారి మేతకు ముందే పని ముగించడం మేలు. తల దగ్గర ఎద్దుకు అలవాటైన మనిషే ఉండాలి.

పనివాడూ తనను తాను కాచుకోవాలి. గుర్రానికి సరిగ్గా వెనుక నిలబడరాదు. మాట్లాడుతూ భుజం పక్కనుంచి చేరి, చేయి వేసి నిమిరిన తర్వాతే కాలు ఎత్తాలి. తొడలకు అడ్డంగా తోలు కట్టుకోవాలి, కాళ్ళకు గట్టి బూట్లుండాలి. ధనుర్వాతం టీకా వేయించుకోవడం మరవరాదు.

చట్టంలోనూ చోటు

ఈ పనికి చట్టంలోనూ చోటుంది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు 1960లో వచ్చిన చట్టం కింద, పశువులకు నాడాలు కొట్టేవారికి లైసెన్సు ఉండాలంటూ 1965లో కేంద్రం నియమాలు చేసింది. బ్రిటన్‌లో 1975 నాటి చట్టం ప్రకారం పేరు నమోదు కానివారు గుర్రానికి నాడా కొట్టరాదు. మన పల్లెల్లో మాత్రం తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్నదే చదువు. కొడుకులు వేరే పనులకు పోతే ఆ చదువు అక్కడితో ఆగిపోతుంది.

పాడి పశువుకూ గిట్టే ఆధారం

ఎద్దులు తగ్గినా గిట్టల పని తీరిపోలేదు. పాడి గేదెలు, ఆవులు రోజంతా కొట్టంలోనే నిలబడితే గిట్ట అరగక పొడవుగా పెరిగి వంకర తిరుగుతుంది. నడవలేని పశువు సరిగా మేయదు, పాలు తగ్గిస్తుంది. ఏడాదికి రెండుసార్లయినా గిట్టలు చూపించి, పెరిగినంత మేర చెక్కించాలి. నిండు చూడి పశువును ఇందుకోసం పడవేయరాదు. పేడ, మూత్రం నిలవకుండా నేల పొడిగా ఉంచాలి. పాల కోసమని ఒక్కసారిగా దాణా పెంచినా గిట్టలు దెబ్బతింటాయి.

గిట్టలు చీకిపోకుండా 100 లీటర్ల నీటిలో 5 కిలోల మైలతుత్తం కలిపి, గిట్టలు మునిగేలా తొట్టిలో నడిపిస్తారు. ఆ నీరు పశువులు, ముఖ్యంగా గొర్రెలు తాగకుండా చూడాలి. శామీర్‌పేట చెరువులోకి గాని, ఊరి కుంటల్లోకి గాని వదలరాదు. అది చేపలకు విషం.

సంతలో ఎద్దును కొనేటప్పుడు రైతు పళ్ళు చూస్తాడు, నడిపించి చూస్తాడు. ఇంటికి తెచ్చాక కూడా ఆ నడక మీద ఒక కన్ను ఉండాలి. పని తెలిసిన నాల్‌బంద్ కూలి ఎక్కువ అడిగాడని బేరమాడే ముందు, ఎద్దు కుంటితే నాగా పోయే రోజులను లెక్క వేసుకోవాలి.