మంచు కురవని గుల్మార్గ్: చివరి ఘడియలో తలకిందులవుతున్న శీతాకాల యాత్రలు

కాశ్మీరు లోయలో ‘చిల్లాయ్ కలాన్’ అని పిలిచే 40 రోజుల గడ్డు చలికాలం ఏటా డిసెంబర్ 21న ఆరంభమవుతుంది. 2024 జనవరి రెండవ వారానికి ఆ చలికాలం సగానికి వచ్చింది. అయినప్పటికీ గుల్మార్గ్ పచ్చిక బయళ్లపై తెల్లని దుప్పటి పరచుకోలేదు. మోకాలి లోతు మంచులో స్కీయింగ్ చేయవచ్చునని నెలల ముందే విమాన టిక్కెట్లు, హోటల్ గదులు ఖాయపరచుకున్న యాత్రికులకు అక్కడ కనిపించింది ఎండిన గడ్డి, దుమ్ము లేస్తున్న బాటలు మాత్రమే. శీతాకాలంలో గుల్మార్గ్ ఇంతగా ఎండిపోవడం తానెన్నడూ చూడలేదని అప్పటికి మాజీ ముఖ్యమంత్రిగా ఉన్న ఒమర్ అబ్దుల్లా ఛాయాచిత్రాలతో సహా ప్రకటించడంతో ఆ సంగతి దేశమంతటా పొక్కింది. ఆ వెంటనే యాత్రల రద్దు పర్వం మొదలైంది.

సరిగ్గా అవి సంక్రాంతి సెలవుల రోజులు. పిల్లలకు బడులు, కళాశాలలు ఉండవు కనుక తెలుగు కుటుంబాలు దూర ప్రయాణం పెట్టుకోవడానికి అనువైన వారం అది. మన వైపు లంబసింగిని ఆంధ్రా కాశ్మీరమని మురిపెంగా పిలుచుకుంటాము గాని, అక్కడ కనిపించేది పొగమంచు. నేలపై పేరుకునే మంచును పిల్లలకు చూపించాలంటే ఉత్తరాదికి పోక తప్పదు. బయలుదేరడానికి వారం రోజుల ముందు ఆ మంచే లేదని తెలిసినప్పుడు యాత్రికుడు ఏమి చేయాలి? సొమ్ము పోయినా సరే మానుకోవాలా, ఎలాగూ కట్టాము గదా అని వెళ్లి ఎండు గడ్డిని చూసి రావాలా, దారి మళ్లించి మరో చోటికి పోవాలా? ఈ ప్రశ్న ఒక ఏడాదితో తీరిపోలేదు. 2025లోనూ కాశ్మీరు శీతాకాలం పొడిగానే నడిచింది.

మధ్యధరా నుంచి రావలసిన తేమ

హిమాలయాల పడమటి భాగంలో కురిసే మంచుకు మూలం మనకు పరిచయమైన రుతుపవనాలు కావు. మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టి, ఇరాన్, అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్‌ల మీదుగా తూర్పునకు సాగివచ్చే పశ్చిమ అలజడులే ఆ తేమను మోసుకువస్తాయి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఇవి ఒకదాని వెనుక ఒకటిగా వచ్చి కొండలను తాకితేనే హిమపాతం. పాకిస్థాన్‌లోని స్వాత్ లోయలో ఉన్న మలం జబ్బా స్కీ కేంద్రమైనా, మన గుల్మార్గ్ అయినా, ఉత్తరాఖండ్‌లోని ఔలీ అయినా ఎదురుచూసేది ఈ గాలుల కోసమే. సరిహద్దులు వాటికి పట్టవు.

2024 జనవరిలో ఈ అలజడులు బలహీనపడ్డాయి. వచ్చినవి కూడా వాయవ్య భారతంపై గట్టి ప్రభావం చూపలేదని భారత వాతావరణ శాఖ నాడు వివరించింది. పసిఫిక్ మహాసముద్రంలో ఎల్ నినో నెలకొని ఉండటాన్ని కూడా కారణాలలో ఒకటిగా పేర్కొన్నది. ఇక దీర్ఘకాలిక వేడిమి ప్రభావం వేరు. ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు పెరిగితే చాలు, నడిమి ఎత్తులలో మంచుగా రాలవలసినది వర్షంగా కురుస్తుంది. కురిసిన మంచు కూడా నిలవదు. స్కీయింగ్ కేంద్రాల భవిష్యత్తు సముద్ర మట్టం నుంచి వాటి ఎత్తుపై ఆధారపడి ఉన్నదని నిపుణులు చెప్పడంలోని ఆంతర్యం ఇదే.

దారి మళ్లించేవారికి

గుల్మార్గ్ మైదానం ఎత్తు సుమారు 2,650 మీటర్లు. కేబుల్ కారు మొదటి దశ 1998లో, రెండవ దశ 2005లో ప్రారంభమయ్యాయి. రెండవ దశ యాత్రికుని అఫర్వట్ పర్వత భుజం మీదకు, దాదాపు 3,950 మీటర్ల ఎత్తునకు చేరుస్తుంది. కింద గడ్డి కనిపించే రోజుల్లో సైతం పైన కొంత మంచు ఉండే అవకాశం ఉన్నది. అందువల్ల మంచును చూసి, చేత్తో తాకి, ఛాయాచిత్రం తీసుకుంటే చాలుననుకునేవారు యాత్రను పూర్తిగా రద్దు చేసుకోనక్కరలేదు. కేబుల్ కారు టిక్కెట్టు ముందుగా దొరికితే సగం కోరిక తీరినట్లే.

స్కీయింగ్ నేర్చుకోదలచినవారి సంగతి అలా కాదు. కొత్తవారికి పనికివచ్చే మెల్లని వాలులు మైదానం చుట్టూ ఉన్నాయి. అఫర్వట్ వాలులు నిట్టనిలువుగా ఉండి, ఆరితేరినవారికి మాత్రమే తగినవి. నున్నని గడ్డి నేలపై అడుగు మందాన గట్టిపడిన మంచు ఉంటే పాఠాలు మొదలుపెట్టవచ్చు. రాళ్లున్న వాలుకు అంతకు రెండు మూడింతలు కావాలి. పైన మంచు ఉన్నదని ఏజెంటు చెప్పిన మాట అక్షరాలా నిజమే కావచ్చు. ఆ మంచు మొదటిసారి స్కీలు కట్టుకునే పదేళ్ల పిల్లవానికి అక్కరకు రాదు. యాత్రికులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

కులూ-మనాలీ వైపు పరిస్థితి కొంత మారింది. 2020 అక్టోబర్‌లో రోహ్‌తాంగ్ కనుమ కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం ప్రారంభమైన తరువాత, సోలాంగ్‌లో మంచు లేకపోతే యాత్రికులు సొరంగం దాటి లాహౌల్‌లోని సిస్సు, కోక్సర్ గ్రామాలకు పోతున్నారు. అవి 3,000 మీటర్లు దాటిన ఎత్తున ఉన్నాయి. ఒకప్పుడు శీతాకాలమంతా తక్కిన ప్రపంచానికి దూరమైపోయిన ఆ పల్లెలు నేడు మనాలీ హోటళ్ల చివరి ఆశగా మారాయి. కాశ్మీరులో ఇటువంటిదే సోనామార్గ్ మార్గంలోని 6.5 కిలోమీటర్ల సొరంగం. 2025 జనవరి 13న ప్రధానమంత్రి దానిని ప్రారంభించారు. అయితే సోనామార్గ్ ఎత్తు గుల్మార్గ్ కంటే పెద్దగా ఎక్కువ కాదు. పశ్చిమ అలజడులు ముఖం చాటేసిన ఏడాది రెండూ ఒక్క తీరుగానే ఎండుతాయి. ఔలీకి మళ్లుదామనుకునేవారు 2023 జనవరిలో జోషీమఠ్ భూమి కుంగిన నాటి నుంచి అక్కడి రోప్‌వే నిలిచిపోయిన సంగతిని కూడా దృష్టిలో ఉంచుకోవలసి వచ్చింది.

ఎవరి సొమ్ము ఎవరి చేతిలో

విమాన టిక్కెట్టు రద్దు విషయంలో ప్రయాణికునికి కొంత రక్షణ ఉన్నది. మూల చార్జీ, ఇంధన సర్‌చార్జీ కలిపిన మొత్తానికి మించి రద్దు రుసుము వసూలు చేయరాదని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధన. పన్నులు, విమానాశ్రయ రుసుములు వాపసు చేయవలసిందే. వాపసు లేని టిక్కెట్టు అని రాసి ఉన్నా ఈ భాగం ప్రయాణికునిదే. చాలామంది ఈ సంగతి తెలియక ఊరుకుంటారు.

హోటళ్ల విషయంలో ఇటువంటి ఒకే కట్టుబాటు లేదు. ఎవరి షరతు వారిది. మంచు లేకపోవడం ప్యాకేజీ రద్దుకు కారణమవుతుందని రాసుకున్న ఒప్పందాలు మన దేశంలో అరుదు. కొండచరియలు విరిగిపడి రహదారి మూసివేస్తే అది దైవాధీనమని ఒప్పుకునే ట్రావెల్ కంపెనీ, ఆకాశం నిర్మలంగా ఉండటాన్ని దైవాధీనంగా అంగీకరించదు. గది ఉన్నది, వేడినీళ్లు ఉన్నాయి, బండి ఉన్నది. ఇస్తామన్నవన్నీ ఇస్తున్నాము గదా అని అది వాదిస్తుంది. ఆ వాదనను పూర్తిగా తోసిపుచ్చలేము. కాని కరపత్రంలో మంచు ఖాయమని హామీ ఇచ్చి ఉంటే మాట మారుతుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనపై 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేసుకునే వీలున్నది. కనుక డబ్బు కట్టేటప్పుడే కరపత్రాన్ని భద్రపరచుకోవడం, తేదీ మార్పునకు ఎంత సమయమిస్తారో రాతపూర్వకంగా తీసుకోవడం తెలివైన పని. పూర్తి రద్దు కంటే తేదీల మార్పునకు హోటళ్లవారు త్వరగా ఒప్పుకుంటారు. గదిని ఖాళీగా ఉంచుకోవడం కంటే మార్చిలో నింపుకోవడం వారికీ లాభమే.

బీమా మాటకు వస్తే, ఐరోపా స్కీ యాత్రికులకు అమ్మే పాలసీలలో మంచు లేక వాలులు మూతపడితే రోజుకింత అని చెల్లించే ఏర్పాటు కొన్నింటిలో ఉన్నది. మన ప్రయాణ బీమాలు జబ్బు, సామాను పోవడం, విమానం ఆలస్యం వరకే సాధారణంగా పరిమితం. వాన లోటుకు రైతుకు పరిహారమిచ్చే వాతావరణ ఆధారిత పంటల బీమా పథకాన్ని నడుపుతున్న దేశంలో, మంచు లోటుకు అటువంటిది ఎందుకు ఉండరాదన్నది ఆలోచించదగిన ప్రశ్న. అయితే అది దక్కవలసినది ముందుగా యాత్రికునికి కాదు.

ఊరు మార్చుకోలేనివారు

యాత్రికుడు దారి మార్చుకుంటాడు. మనాలీ కాకుంటే గోవా పోతాడు. టంగ్‌మార్గ్ చుట్టుపక్కల గ్రామాల నుంచి గుల్మార్గ్‌కు వచ్చి చెక్క స్లెడ్జిపై జనాన్ని కూర్చోబెట్టి లాగే మనిషికి ఆ వెసులుబాటు లేదు. స్కీ శిక్షకులు, గైడ్లు, స్కీలు, బూట్లు, కోట్లు అద్దెకిచ్చే దుకాణదారులు, గుర్రాలవారు వీరందరి ఏటి సంపాదనలో పెద్ద భాగం ఈ రెండు మూడు నెలలలోనే సమకూరాలి. మంచు లేకపోతే గుర్రాలవారికి కొంత పని దొరుకుతుంది గాని, స్లెడ్జి లాగేవారికి, శిక్షకులకు పూర్తిగా చేయి ఆడదు. హోటల్ యజమాని రద్దు రుసుము రూపంలో కొంత మిగుల్చుకోగలడు. దినకూలీకి రద్దు రుసుము ఎవరిస్తారు? వారిలో చాలామందికి ముందస్తు బుకింగ్ అన్నదే లేదు. కనుక పోయిన ఆదాయం ఏ లెక్కల పుస్తకానికీ ఎక్కదు.

2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఈ ప్రాంతపువాడే. వాలుల పక్కన పుట్టిన పిల్లలకు అడ్డంకులు లేకుండా అభ్యాసం చేసే రోజులే తగ్గిపోతే అటువంటివారు మళ్లీ ఎలా తయారవుతారన్నది పర్యాటక ఆదాయానికి మించిన ప్రశ్న.

ప్రభుత్వమూ తేదీ మార్చుకున్నది

సామాన్య యాత్రికుడే కాదు, సాక్షాత్తు ప్రభుత్వమే చివరి ఘడియలో యాత్ర మార్చుకోవలసి వచ్చింది. ఖేలో ఇండియా శీతాకాల క్రీడల రెండవ విడత 2025 ఫిబ్రవరి 22 నుంచి 25 వరకు గుల్మార్గ్‌లో జరగవలసి ఉండగా, తగినంత మంచు లేక వాయిదా వేశారు. తీరా ఆ తేదీలు దాటగానే ఫిబ్రవరి ఆఖరి రోజులలో మంచు దట్టంగా కురిసింది. మార్చి 9 నుంచి 12 వరకు పోటీలు జరిగాయి. అంతకు ముందటి ఏడాది కూడా జనవరి నెలాఖరు దాకా ఎండగట్టి, ఫిబ్రవరిలో మంచు ముంచెత్తింది. రెండేళ్ల అనుభవంతో రుతువే జరిగిపోయిందని తీర్మానించడం తొందరపాటు కావచ్చు. అయినా కొత్త సంవత్సరానికి, సంక్రాంతికి మంచు ఖాయమనే పాత లెక్కను నమ్ముకుని ప్యాకేజీలు అమ్మడం ఇకమీదట నిజాయితీ అనిపించుకోదు.

యంత్రాలతో మంచు తయారు చేయరాదా అని అడిగేవారున్నారు. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం ఔలీలో ఆ ఏర్పాటు చేశారు. కొండపై కృత్రిమ సరస్సును తవ్వి, మంచు యంత్రాలను దిగుమతి చేసుకున్నారు. కాని యంత్రం నీటిని సన్నని తుంపరలుగా చిమ్మితే అది నేలను చేరేలోగా గడ్డకట్టాలి. అందుకు గాలి పొడిగా, సున్నా కంటే రెండు డిగ్రీలైనా తక్కువ చల్లదనంతో ఉండాలి. సహజమైన మంచు కురవని వెచ్చని ఏడాదిలో ఆ చల్లదనమూ దొరకడం కష్టం, నీళ్లూ కష్టమే. కోట్లు పోసి కొన్న పరికరం సరిగ్గా అవసరమైన రోజున చేతులెత్తేస్తుంది.

ఆలస్యంగా పడిన మంచుతో మరొక ముప్పు ఉన్నది. శీతాకాలం మొదట్లో పడిన పలుచని పొర దీర్ఘకాలం చలికి గురై చక్కెర పలుకుల వలె పట్టు లేకుండా తయారవుతుంది. దానిపై ఒక్కసారిగా అడుగుల కొద్దీ కొత్త మంచు కురిస్తే పై భారమంతా జారిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. 2024 ఫిబ్రవరి 22న, ఖేలో ఇండియా పోటీలు జరుగుతున్న రోజులలోనే, గుల్మార్గ్ ఎగువ వాలులలో మంచుచరియలు విరిగిపడి ఒక రష్యన్ స్కీయరు మరణించాడు. తేదీలు మార్చుకుని, మంచు పడిందని తెలియగానే పరుగున వెళ్లేవారు మొదటి రెండు మూడు రోజులు నిర్ణీత వాలులు దాటకుండా, గస్తీ సిబ్బంది మాట జవదాటకుండా ఉండటం అవసరం.

ఇక కాశ్మీరు రైతుకు మంచు వినోదం కాదు, వేసవి నీటి నిల్వ. 2025 ఫిబ్రవరిలో అనంతనాగ్ జిల్లాలోని అచ్చబల్ మొగలు ఉద్యానవనపు నీటి ఊట ఎండిపోవడం లోయలో కలవరం రేపింది. దానిపై ఆధారపడిన గ్రామాలకు తాగునీటి చిక్కులు వచ్చాయి. కాట్మండూలోని సమీకృత పర్వతాభివృద్ధి అంతర్జాతీయ కేంద్రం 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2024 నవంబర్ నుంచి 2025 మార్చి వరకు హిందూకుష్-హిమాలయ ప్రాంతంలో నేలపై మంచు నిలిచిన కాలం సాధారణం కంటే 23.6 శాతం తక్కువ. అది 23 ఏళ్లలో కనిష్ఠం. వరుసగా మూడవ లోటు సంవత్సరం. అఫ్ఘానిస్థాన్ మొదలు మయన్మార్ వరకు ఎనిమిది దేశాలలో విస్తరించిన ఆ కొండల కింద గంగ, సింధు, బ్రహ్మపుత్ర నదుల ఆయకట్టు రైతులు వేసవి తొలి తడి కోసం ఎదురుచూసేది ఆ మంచు కరిగి వచ్చే నీటి కోసమే.