చలి ఎడారికి కెమెరా సంచి

మన భీమవరం వాళ్ళకి తడి అంటే పుట్టుకతో వచ్చిన భయం. తుపాను కబురు రాగానే కళ్ళం మీద బరకాలు కప్పుతాం, పుస్తకాలు అటకెక్కిస్తాం. స్టూడియో నడిపే అన్నయ్య ఒకాయన పోయిన భాద్రపదంలో, శూన్యమాసం గనుక పెళ్ళిళ్ళుండవని, తన కెమెరా నా చేతికిచ్చి, "తమ్ముడూ, తడి మాత్రం తగలనివ్వకు. కార్తీకం వచ్చేసరికి నా బతుకంతా దీంతోనే" అన్నారు. మేం నలుగురం వెళ్తున్నది లడఖ్‌కి. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. మన జిల్లాలో వెయ్యికి పైమాటే. ఇంక తడి ఎక్కణ్ణించి వస్తుందని లోలోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంత తెలివితక్కువదో అక్కడికి వెళ్ళాక తెలిసింది. వెళ్ళాలనుకునే మిత్రులకి పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఒంటి సంగతి. మన ఊరు సముద్రమట్టానికి పది మీటర్ల ఎత్తయినా ఉండదు. లేహ్ సుమారు 3,500 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే. కాని అక్కడ వాతావరణ పీడనం మన దగ్గరున్నదానిలో మూడింట రెండు వంతులే గనుక ప్రతి శ్వాసకీ అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు గాని దానికి రోజులు కావాలి. ఢిల్లీ నుంచి విమానమేమో గంటంపావులో దింపేస్తుంది. అందుకని మొదటి రెండు రోజులూ కెమెరా ముట్టకుండా పడుకోవడమే పని. మాలో ఒకడు వినకుండా దిగిన సాయంత్రమే శాంతిస్తూపం మెట్లెక్కాడు. రాత్రికి తలనొప్పి, వాంతులు. మా హాన్లే ప్రయాణం రెండు రోజులు వాయిదా పడింది. ఇలాంటి లక్షణాలుంటే ఇంకా పైకి వెళ్ళకూడదు. నడకలో తూలినా, మాట తడబడినా, ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దింపి వైద్యం చేయించాలి. మందుల సంగతి బయల్దేరకముందే డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

ఇక బట్టలు. ఇక్కడ మనకి నూలు బనియనే హాయి. అక్కడ అదే శత్రువు. నూలు చెమటని పీల్చుకుని తొందరగా ఆరదు. ఎండలో ఎత్తెక్కి నీడలోకి వచ్చేసరికి ఒళ్ళు గడ్డకడుతుంది. ఒంటికి ఆనుకుని ఉన్ని లేదా సింథటిక్ బనియను, దాని మీద స్వెట్టరు, అన్నిటికీ పైన గాలి దూరని కోటు — ఇలా మూడు పొరలు వేసుకోవాలి. ఒక్క దళసరి కోటు కన్నా ఇదే మేలు, ఎందుకంటే పొరల మధ్య చిక్కిన గాలే వేడిని పట్టి ఉంచుతుంది, కావాలంటే ఒకటి విప్పనూ వచ్చు. ధనుర్మాసంలో మనం పెట్టుకునే మంకీ టోపీ తప్పకుండా పెట్టుకోండి. గ్లవ్సు రెండు జతలు: పలచనివి లోపల, మందంవి పైన. పైవి తీసినా కెమెరా మీట నొక్కడానికి వేళ్ళు బిగుసుకుపోవు. పైకి వెళ్ళేకొద్దీ అతినీలలోహిత కిరణాలు ఎక్కువ గనుక నల్లకళ్ళద్దాలు ఉండాలి. పెదాలు పగులుతాయని కొబ్బరినూనె తీసుకెళ్ళాను. సుమారు 24 డిగ్రీలకే పేరుకునే ఆ నూనె సీసాలో రాయై కూర్చుంది. వాజిలైన్ తీసుకెళ్ళండి.

కెమెరా సంచిలో లెన్సులు రెండు చాలు. ఆ పొడిగాలిలో దుమ్ము ఎక్కువ, లెన్సు మార్చిన ప్రతిసారీ లోపలికి పోతుంది. అద్దం మీద దుమ్ము పడితే ముందు రబ్బరు బ్లోయరుతో ఊదండి. గుడ్డతో తుడిస్తే ఇసుక అద్దాన్ని గీస్తుంది. బ్యాటరీలు మూడైనా ఉండాలి. చలికి లోపలి రసాయన చర్య మందగించి, ఛార్జి ఉన్నా లేనట్టే కెమెరా ఆగిపోతుంది. చొక్కా లోపలి జేబులో ఒంటి వేడి తగిలేలా ఉంచితే చాలావరకు కోలుకుంటుంది. విమానంలో విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. ఆవకాయ సీసా మాత్రం కెమెరా దరిదాపుల్లో పెట్టకండి. ఇక్కడ బిగించిన సీసాలోని గాలి, అక్కడ బయట పీడనం తగ్గేసరికి వ్యాకోచించి మూత సందుల్లోంచి నూనెని తోసేస్తుంది. ఇంటర్‌లో చదివిన బాయిల్ సూత్రమే!

హాన్లే దగ్గర కొండ మీద, 4,500 మీటర్ల ఎత్తున, భారత ఖగోళ భౌతిక సంస్థ వారి వేధశాల ఉంది. అక్కడి రెండు మీటర్ల దూరదర్శిని 2000లో తొలిసారి ఆకాశం చూసింది. గాలిలో నీటి ఆవిరి అతి తక్కువనే ఆ చోటు ఎంచుకున్నారు. చుట్టుపక్కల ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు గనుక తెల్లలైటు వెయ్యకుండా ఎర్రకాంతి టార్చి తీసుకెళ్ళండి. స్టాండు మీద కెమెరా పెట్టి, అర్ధరాత్రి దాటేదాకా పాలపుంత ఫొటోలు తీశాను. ఆ చలిలోంచి తిన్నగా గదిలోకి వచ్చి కెమెరా బయటపెట్టాను. గదిలో పొయ్యి మండుతోంది, దాని మీద కెటిల్ మరుగుతోంది, నలుగురి ఊపిరి ఉంది. క్షణంలో కెమెరా ఒళ్ళంతా చెమర్చింది. చల్లని గ్లాసుకి బయట నీళ్ళు పట్టినట్టే: చల్లని లోహానికి తగిలిన గాలి చల్లబడి, మోయలేని ఆవిరిని నీరుగా వదిలేస్తుంది. తెల్లవారినా లెన్సు లోపలి మసక పోలేదు. ఆ సూర్యోదయం ఫొటో దక్కలేదు. అన్నయ్య మాటే చెవుల్లో మోగింది.

దీనికి మందు పావలా ఖర్చు లేనిది. బయటే, ఆ చలిలోనే, కెమెరాని గాలి చొరని పాలిథిన్ కవరులో పెట్టి మూతి బిగించి లోపలికి తేవాలి. రెండు గంటలు తెరవకూడదు. కెమెరా గదితో సమానంగా వెచ్చబడ్డాక తీస్తే చుక్క నీరు పట్టదు. ఒంటికి రెండు రోజులు, కెమెరాకి రెండు గంటలు — ఈ గడువు ముందే లెక్కలో వేసుకుని బయల్దేరాలి.

ఇంటికొచ్చాక కెమెరాని సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టి డబ్బాలో నాలుగు రోజులుంచి తిరిగిచ్చాను. అన్నయ్య లెన్సులోకి టార్చి వేసి, బూజు ఉందేమోనని అటూ ఇటూ తిప్పి చూశారు. నాకు ఊపిరాడలేదు. "బానే ఉంది, ఆయ్" అన్నారు. జరిగిందంతా అప్పుడు చెప్పాను.