దుప్పటి కప్పుకున్న గిటార్

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్ ఫైనల్ ఇయర్ అక్క ఒక పాట రాసింది. ట్యూన్ కూడా తనదే. ఫోన్‌లో పాడి నాకు పంపించి, "నేను కాలేజీ వదిలి వెళ్లేలోపు దీనికి గిటార్ వాయించి రికార్డ్ చేసి ఇస్తావా తమ్ముడూ?" అంది. నేను పెద్ద పోటుగాడిలా "రెండ్రోజుల్లో ఇచ్చేస్తా అక్కా" అన్నాను. పద్దెనిమిది రోజులు పట్టింది. హాస్టల్ రూమ్‌లో లాప్‌టాప్ ముందు కూర్చుని ఎలక్ట్రిక్ గిటార్ రికార్డ్ చేద్దామనుకునే వాళ్లకి ఆ పద్దెనిమిది రోజులు పనికొస్తాయని రాస్తున్నా. (స్కూలంతా ఇంగ్లిష్ మీడియం. తప్పులుంటే సరిదిద్దండి, తిట్టకండి.)

మొదటి రోజు ఒక కన్వర్టర్ పిన్ కొని, గిటార్ కేబుల్‌ని తిన్నగా లాప్‌టాప్ మైక్ జాక్‌లో పెట్టేశాను. గిటార్ దుప్పటి కప్పుకుని మూలుగుతున్నట్టు వినిపించింది. గిటారే చెత్తదనుకున్నా. పాపం, తప్పు దానిది కాదు.

గిటార్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగని వేల చుట్లు చుట్టిన కాయిల్. పైన స్ట్రింగ్ కదిలితే అందులో చిన్న వోల్టేజ్ పుడుతుంది. దాన్ని అందుకునే ఇన్‌పుట్ ఎక్కువ కరెంట్ లాగకూడదు, అంటే దాని ఇంపెడెన్స్ బాగా ఎక్కువ ఉండాలి. గిటార్‌కి సుమారు ఒక మెగా ఓమ్ కావాలి. లాప్‌టాప్ మైక్ జాక్‌లో ఉండేది కొన్ని కిలో ఓమ్‌లే. ఫస్ట్ ఇయర్‌లో చదివిన వోల్టేజ్ డివైడరే ఇది. పైగా కాయిల్ ఇంపెడెన్స్ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది కాబట్టి ముందు పోయేది పై స్వరాల మెరుపే. రికార్డ్ కానిదాన్ని తర్వాత ఈక్వలైజర్ తిప్పి తెచ్చుకోలేం. తిప్పితే గరగర మాత్రం పెరుగుతుంది.

అందుకే ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. కొనే స్థోమత లేక ఈసీఈ ఫ్రెండ్ దగ్గర అప్పు తెచ్చుకున్నా. దాని మీద 'ఇన్‌స్ట్' అనే బటన్ ఉంటుంది, అంటే ఇన్‌స్ట్రుమెంట్. అది నొక్కాలని తెలియక ఇంకో రోజు పోయింది. మీ దాని మీద 'హై-జీ' అని రాసి ఉండొచ్చు, రెండూ ఒకటే.

నేను బాగా దెబ్బతిన్నది మాత్రం గెయిన్ దగ్గర. సౌండ్ గట్టిగా ఉంటే బాగుంటుందని నాబ్ దాదాపు చివరి దాకా తిప్పేశాను. రాత్రి ఒంటిగంట దాకా వాయిస్తే, సోలో నలభయ్యోసారికి అనుకున్నట్టు వచ్చింది. పొద్దున వింటే గట్టిగా మీటిన ప్రతి చోటా టప్పుమని పగిలిపోతోంది. డిజిటల్‌లో సున్నా డీబీ పైన ఏమీ లేదు. వేవ్ తల అక్కడ కత్తిరించినట్టు చదునైపోతుంది. ఎండలో తీసిన ఫొటోలో ఆకాశం తెల్లగా మాడిపోతే మబ్బుల్ని వెనక్కి తెచ్చుకోలేం కదా, ఇదీ అంతే. ఆ సోలో మళ్లీ అలా రాలేదు, ఇప్పటికీ.

ఇప్పుడు నేను వాయించబోయే అన్నిటికంటే గట్టి భాగం ముందు వాయించి చూసి, మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా గెయిన్ పెడుతున్నా. తక్కువైపోతుందని భయం వద్దు. 24 బిట్ రికార్డింగ్‌లో ఒక్కో బిట్‌కి 6 డీబీ చొప్పున లెక్కలో 144 డీబీ జాగా ఉంది. 12 డీబీ వదిలితే పోయేది రెండు బిట్లు.

వాయించిన దానికీ వినిపించే దానికీ మధ్య ఆలస్యం ఉంటే బఫర్ సైజ్ చూడండి. 48,000 శాంపిల్ రేట్ దగ్గర 1024 శాంపిల్స్ బఫర్ అంటే దానికే 21 మిల్లీసెకన్లు, 128 అయితే మూడు కూడా కాదు. విండోస్‌లో ఏఎస్‌ఐఓ డ్రైవర్ వేసుకోవాలి. ఇక 'గుయ్' మనే 50 హెర్ట్జ్ మోత. లాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే సగం పోయింది. కుర్చీ పక్కకి తిప్పి గిటార్‌ని స్క్రీన్‌కి దూరం చేస్తే ఇంకొంత పోయింది. (ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినకండి, ప్రాణాలకే ముప్పు.)

ఇంత చేసినా డిస్టార్షన్ ప్లగిన్ వేయగానే తేనెతుట్టె కదిపినట్టు ఒకటే రొద. నాకు తెలియనిదేంటంటే, గిటార్ ఆంప్‌లో ఉండే స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. మనం వినే 'గిటార్ సౌండ్' లో సగం ఆ స్పీకర్‌దే. కంప్యూటర్‌లో అది లేదు కాబట్టి దాని బదులు ఇంపల్స్ రెస్పాన్స్ అనే చిన్న వేవ్ ఫైల్ పెట్టాలి. సాఫ్ట్‌వేర్ మన సిగ్నల్‌ని దానితో కన్వాల్వ్ చేస్తుంది. కన్వల్యూషన్ ఎందుకు పనికొస్తుందో నాకు అర్థమైంది క్లాసులో కాదు, ఇక్కడే. ఆంప్ కోసం నేను వాడింది న్యూరల్ ఆంప్ మోడలర్, ఓపెన్ సోర్స్, ఉచితం.

పన్నెండో రోజు అక్కకి వినిపించా. మొహమాటంగా నవ్వి, "బాగుంది రా, కానీ నా మాటలు వినిపించట్లేదు" అంది. పాట ఆవిడది, నేను నా గిటార్ కచేరీ పెట్టుకున్నా. అదృష్టం ఏంటంటే రికార్డ్ అయ్యింది శుభ్రమైన సిగ్నల్, ఆంప్ తర్వాత కలిపింది. మళ్లీ వాయించకుండానే డిస్టార్షన్ సగానికి తగ్గించి, 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేశాను. గొంతుకి మధ్యలో చోటు ఇవ్వాలని గిటార్‌ని కాపీ చేసి ఎడమకొకటి, కుడికొకటి పెట్టా. ఏం మారలేదు! రెండూ అచ్చం ఒకటే అయితే చెవికి మధ్యలోనే వినిపిస్తాయి, గట్టిగా అవుతాయంతే. అదే భాగాన్ని నిజంగా రెండోసారి వాయించాలి. మన చేతి తేడాలు, కొన్ని మిల్లీసెకన్ల అటూఇటూ, వాటి వల్లే సౌండ్ విశాలమవుతుంది. వాయించా. అప్పుడు అక్క గొంతు నడిమధ్య తేటగా నిలబడింది.

పద్దెనిమిదో రోజు క్యాంటీన్‌లో అక్క ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకుని పాటంతా విని, రెండో చరణం దగ్గర వెనక్కి జరిపి మళ్లీ వింది. "ఇక్కడ ఒక తీగ శ్రుతి తప్పింది కదా?"

తప్పింది. మూడో స్ట్రింగ్. ఆ రాత్రే కొత్త స్ట్రింగ్స్ వేసి ఆ చరణం మళ్లీ వాయించా.