అదను దాటిన కలుపు మందుతో వరి రైతుకు రెండు విధాల నష్టం

పంజాబులో వరి నాట్లకు బీహార్, ఉత్తరప్రదేశ్ కూలీలే ఆధారం. 2020 వేసవిలో కరోనా లాక్‌డౌన్ కారణంగా వారు స్వస్థలాలకు తరలిపోవడంతో రైతులు నారు పోసి నాటడం మాని, విత్తనాన్ని నేరుగా పొలంలో వేశారు. ఆ ఏడాది రాష్ట్రంలో ఈ పద్ధతిన సాగైన వరి విస్తీర్ణం సుమారు 5 లక్షల హెక్టార్లు. భూగర్భ జలాలు అడుగంటుతున్న దృష్ట్యా 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఎకరాకు 1,500 రూపాయల ప్రోత్సాహకం సైతం ప్రకటించింది. నీరు ఆదా అయింది, కూలి ఖర్చు తగ్గింది. కానీ కలుపు పెరిగింది.

నాటిన పొలంలో నిలిచిన నీరే కలుపును చాలావరకు అణచివేస్తుంది. విత్తిన పొలానికి ఆ రక్షణ లేదు. వరి, ఊద కలిసే మొలుస్తాయి. లేత దశలో ఏది పైరో ఏది కలుపో పోల్చుకోవడం అనుభవజ్ఞులకే కష్టం. తొలి నలభై, నలభై అయిదు రోజులలో కలుపు లాక్కున్న ఎరువు, వెలుతురు పైరుకు మళ్లీ దక్కవు.

విత్తిన వరిలో విరివిగా వాడే బిస్‌పైరిబాక్ సోడియంను ఎకరాకు 100 మిల్లీలీటర్ల చొప్పున, విత్తిన 20–25 రోజులకు, కలుపు రెండు నుంచి నాలుగు ఆకులతో ఉన్నప్పుడు చల్లాలి. వాన పడో, చేతిలో డబ్బు లేకో ఆ అదను తప్పితే, ఊద వరిని మించి తల ఎత్తాక రైతు దుకాణానికి పరుగెత్తుతాడు. మోతాదు పెంచినా ముదిరిన కలుపు కొంత పసుపెక్కి మళ్లీ చిగురిస్తుంది. మందు ఖర్చు పోయినట్టే, అప్పటికే తగ్గిన దిగుబడీ తిరిగి రాదు.

తుంగ, వెడల్పాకు కలుపుపై చల్లే 2,4-డి విషయంలో ప్రమాదం మరింత ఎక్కువ. ఇది మొక్కల హార్మోనును పోలిన మందు. నాటిన వరిలో 25–30 రోజులకు చల్లితే పైరు తట్టుకుంటుంది. చిరుపొట్ట దశలో చల్లితే కంకులు వంకరపోయి తాలు గింజలు పెరుగుతాయి. పక్క చేలో పత్తి ఉంటే గాలికి కొట్టుకుపోయిన తుంపరలే ఆ ఆకులను ముడతలు పడేలా చేస్తాయి. వరి, పత్తి పక్కపక్కనే పండే మాల్వా ప్రాంతానికీ, మన గుంటూరు జిల్లాకూ ఇది వర్తిస్తుంది. కాలువ నీరు ఆలస్యమైన ఏళ్లలో నేరుగా విత్తే కృష్ణా డెల్టా రైతులకు ఈ కలుపు కొత్త కాదు.

ఇందుకు రైతు బద్ధకాన్ని నిందించడం తేలిక. కూలీలు దొరకకనే అతడు విత్తే పద్ధతికి వచ్చాడు, కలుపు తీతకూ వారే దొరకడం లేదు.

ఇమాజెథాపైర్ మందును తట్టుకునే పూసా బాస్మతి 1979, 1985 రకాలను భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించగా, 2021లో అవి విడుదలయ్యాయి. ఇవి జన్యుమార్పిడి రకాలు కావు, ఉత్పరివర్తనం ద్వారా వచ్చినవి. అయితే ఈ మందునూ కలుపు లేతగా ఉండగానే చల్లాలి. పైగా ఆ గుణం పుప్పొడి ద్వారా పొలంలోని కలుపు వరికి సోకే అవకాశం ఉంది. ఒకే మందును ఏటా నమ్ముకుంటే ఏమవుతుందో పంజాబు, హర్యానా గోధుమ రైతులు 1990 దశకం తొలి ఏళ్లలోనే చూశారు. ఐసోప్రొట్యూరాన్‌కు లొంగని గుల్లీ డండా కలుపు వారి చేలను ముంచెత్తింది.

అదను దాటిన చేలో ఊద కంకులు గింజ రాల్చకముందే కోసి గట్టుకు చేర్చగలిగితే ఈ పంటకు కాకపోయినా వచ్చే పంటకు కలుపు భారం కొంత తగ్గుతుంది. దానికీ మనుషులే కావాలి.