ఢిల్లీ లేఖ: హమాలీ భుజం, యంత్రం లెక్క

మూటలు మోసే మనిషి ప్రస్తావన పార్లమెంటులో కూలిరేట్ల సందర్భంలో వస్తుంది గాని, అతని భుజం సంగతి ఎన్నడోగాని రాదు. ఇప్పుడు ఆ భుజంలోని కండను కొలిచే యంత్రవిద్య వచ్చింది. ఆ కొలత ఎవరి మేలు కోసం అన్నది రాజకీయ ప్రశ్నే.

భుజపు కీలును నాలుగు కండరాలు చుట్టి పట్టుకొని వుంటాయి. వాటిని ఎముకకు బంధించే టెండన్ తెగి, చాలాకాలం చికిత్స లేకపోతే కండ కృశించి, అందులో కొవ్వు చేరుతుంది. తరువాత టెండన్‌ను కుట్టినా ఆ కొవ్వు సాధారణంగా తిరిగి కండ కాదు. అందుచేత ఆపరేషన్ వల్ల ప్రయోజనం వుంటుందా అన్నది చాలావరకు కొవ్వు పాలును బట్టి తేలుతుంది. 1994లో ఫ్రెంచి వైద్యుడు గుటాలియే, ఆయన సహచరులు దీనికి సున్న నుంచి నాలుగు వరకు అయిదు మెట్లు నిర్ణయించారు. అయితే అది కంటి అంచనా. ఒకే స్కాను చూసి ఇద్దరు వైద్యులు రెండు మెట్లు చెప్పవచ్చు.

ఇక్కడనే డీప్ లెర్నింగ్ ప్రవేశించింది. జర్మనీలోని ఫ్రైబర్గ్ పరిశోధకులు 2015లో ప్రకటించిన యు-నెట్ వంటి పద్ధతులు దీనికి ఆధారం. నిపుణులు చేతితో కండరాల హద్దులు గీసిన స్కానులను చూపి యంత్రానికి నేర్పుతారు. నేర్చిన యంత్రం కొత్త స్కానులో ఆ హద్దులు తానే గీసి, కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది కొద్దిసేపట్లో లెక్క కడుతుంది. పని భారం మోయలేక సతమతమయ్యే ఆసుపత్రులకు ఇది నిస్సందేహంగా మేలు.

కాని యంత్రానికి తెలిసింది తాను చూసిన శరీరాలే. గుంటూరు మిర్చి యార్డులోనో, ఢిల్లీ ఖారీ బావలీలోనో బస్తాలెత్తిన భుజాలను అది చూడకపోతే, దాని లెక్కను వారి విషయంలో గుడ్డిగా నమ్మరాదు. చూసిందనుకుందాం, అప్పుడు వారి అనుమతి మాటేమిటి?

వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లును 2023 ఆగస్టు 7న లోక్‌సభ, 9న రాజ్యసభ మూజువాణి ఓటుతో ఆమోదించాయి. ఆ చట్టంలోని 17వ సెక్షన్, నిర్ణీత ప్రమాణాలకు లోబడి జరిగే పరిశోధనకు మినహాయింపు ఇస్తున్నది. ఆ సమాచారంతో ఆ వ్యక్తిపైనే నిర్ణయం తీసుకోరాదన్నది షరతు. అంటే హమాలీ స్కానుతో యంత్రానికి చదువు చెప్పడం ఈ మినహాయింపులో ఇమడవచ్చు. అదే లెక్క చూపి అతనికి ఆపరేషన్ నిరాకరించినా, పరిహారం తగ్గించినా ఆ గొడుగు పనిచేయదు.

2020 ఏప్రిల్ నుంచి వైద్య సాఫ్ట్‌వేర్ కూడా ఔషధ చట్టం పరిధిలోకి వచ్చింది. కనుక ప్రభుత్వం చేతిలో అధికారం లేదనడానికి వీలులేదు. యంత్రం ఎవరి శరీరాలపై నేర్చిందో బహిరంగంగా చెప్పాలని, దాని లెక్కపై రోగికి అప్పీలు వుండాలని నిబంధన పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఈ మాట సభలో అడగడానికి డాక్టరే కానక్కరలేదు. హమాలీల వోట్లతో గెలిచిన సభ్యుడైతే చాలు.