ధ్వనిముద్రణ యంత్రముల మంచిచెడ్డలు

బుర్రకథ, జముకుల కథ, యక్షగానము నెరిగిన వృద్ధ కళాకారులు మన గ్రామములలో ఇంకను కొందరున్నారు. వారి కంఠములను ముద్రించి పదిలపరచుటకు యువజన సంఘములు పూనుకొనుట ముదావహము. అయితే యంత్రము కొనుట వద్దనే చిక్కు వచ్చుచున్నది. చౌక యంత్రము పనికిరాదని కొందరు, చేతిలోని సెల్‌ఫోను చాలునని మరికొందరు వాదింతురు. వెలను చూచి తీర్పు చెప్పుటకంటె చెవితో పరీక్షించుట మేలు.

ఒక ఉదాహరణము. బెర్లిను నగరమున 1928లో స్థాపితమైన నాయ్‌మన్ సంస్థ 1967లో యూ 87 అను మైక్రోఫోనును వెలువరించినది. స్టూడియోలలో దానికి గొప్ప పేరు గలదు. ప్రతి మైక్రోఫోను తనంతట తాను కొంత రొద పుట్టించును. తయారీదారుల లెక్క ప్రకారము, యూ 87 తరువాతి రూపమున ఈ రొద 12 డెసిబెళ్లు. ఆస్ట్రేలియాకు చెందిన రోడ్ సంస్థవారి ఎన్.టి.1-ఏ మైక్రోఫోనులో 5 మాత్రమే. వెలలో మాత్రము రెండవది మొదటిదానికి ఎంతో దిగువ. అట్లని ఖరీదైనది వ్యర్థము కాదు. కంఠపు ఛాయను పట్టు తీరు, ఏండ్ల తరబడి మన్నుట ఆ ఒక్క అంకెలో కానరావు.

పోల్చదలచినవారు రెండు యంత్రములను పక్కపక్కన ఉంచి, ఒకే కళాకారునిచే ఒకేసారి పాడింపవలెను. వినునపుడు రెండింటి బిగ్గరతనమును సమానము చేయవలెను. కొంచెము బిగ్గరగా వినబడునదే మంచిదని చెవి భ్రమించును. దుకాణములలో బేరము కుదురుట తరచు ఈ భ్రమవలననే. ఏది ఏ యంత్రముదో వినువారికి తెలియరాదు.

మొదట పది సెకండ్ల నిశ్శబ్దమును ముద్రించి, బుసబుసమను రొద ఎంత ఉన్నదో హెడ్‌ఫోనుతో వినుడు. పిదప బుర్రకథకుని అందెల మ్రోత వినుడు. ఆ సన్నని గలగల మసకబారినచో యంత్రము హెచ్చు స్థాయి స్వరములను సరిగా పట్టుట లేదన్నమాట. వంతల గుమ్మెట దెబ్బ పగిలినట్లు వినబడినచో ధ్వని యంత్రపు హద్దు మీరినది. అట్లు తెగిన ధ్వనిని తరువాత బాగుచేయుట కష్టము. కథకుడు ఊపిరి తీయుటకు ఆగినపుడు పంకా చప్పుడు, కుక్క అరుపు ఒక్కసారిగా పైకి లేచుట సెల్‌ఫోనులలో తరచు కలదు. ధ్వని తగ్గగానే యంత్రము తానే దానిని పెంచుటవలన ఇట్లగును. ఈ ఏర్పాటును నిలిపివేయు వీలున్న యంత్రమునే కొనుడు.

అన్నిటికంటె దూరము ముఖ్యము. ఆరుబయట దూరము సగమైనచో కంఠధ్వని 6 డెసిబెళ్లు హెచ్చును. రేకుల కప్పు హాలులో దూరముగ పెట్టిన ఖరీదైన మైక్రోఫోనుకంటె, దుప్పట్లు, బొంతలు వ్రేలాడగట్టిన గదిలో అడుగు దూరమున ఉంచిన చౌకది మేలు. ఒక్క అవ్వ పాడు జోలపాటలకు ఇది చాలును. నాటక బృందమంతటిని రంగస్థలముపై ముద్రింపవలసినచో మాత్రము వృత్తినిపుణుల పరికరములను అద్దెకు తెచ్చుకొనుట ఉచితము.

మూలప్రతిని కుదింపరాదు. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు ప్రమాణము, అనగా సెకండుకు 44,100 నమూనాలు, 16 బిట్లు, చాలును. రెండు వాహికలకు గంటకు సుమారు 635 మెగాబైట్లు పట్టును. ప్రతులు రెండు వేర్వేరు చోట్ల ఉండవలెను. ముద్రణ ముగియగానే, కళాకారుడు ఇంటికి వెళ్లకమునుపే, విని చూడవలెను. లోపమున్నచో అప్పుడే మరల పాడించుకొనవచ్చును.